డాగ్‌టౌన్ పిల్లలు, మూలమీద దుకాణం

శాంటా మోనికా అనగానే సినిమాల్లో చూసిన ఇసుక తీరం, పియర్ మీద తిరిగే జెయింట్ వీల్ గుర్తొస్తాయి. లాస్ ఏంజెలెస్‌కు పడమటి అంచున ఉన్న ఆ పట్నంలో ఇవాళ చిన్న ఇల్లు కొనడం కూడా సామాన్యుడి తరం కాదు. 1970ల మొదట్లో దాని దక్షిణపు కొస పరిస్థితి వేరు. ఓషన్ పార్క్ పేట, దానికి ఆనుకుని వెనిస్ ఉత్తరపు వీధులు. అద్దెలు తక్కువ కాబట్టి ముసలివాళ్లు, చిత్రకారులు, రెక్కాడితే గానీ డొక్కాడని కుటుంబాలు అక్కడ తలదాచుకునేవి. ఆ పేటను అక్కడి కుర్రాళ్లు డాగ్‌టౌన్ అని పిలుచుకున్నారు. మెయిన్ స్ట్రీట్, బే స్ట్రీట్ కలిసే మూలమీద 2001 నంబరు భవనంలో ఒక సర్ఫ్‌బోర్డుల దుకాణం ఉండేది. పేరు మాత్రం పొడవు: జెఫ్ హో సర్ఫ్‌బోర్డ్స్ అండ్ జెఫిర్ ప్రొడక్షన్స్. నాలుగు కాలాలు నిలవలేదు. కానీ ఒలింపిక్స్‌లో పతకాలిచ్చే స్థాయికి చేరిన స్కేట్‌బోర్డింగ్‌కు ఇప్పుడున్న ఒడుపు, ఆ దూకుడు చాలావరకు ఆ మూలమీది దుకాణం పెంచిన పిల్లలవే.

ఆ పిల్లలు ఎక్కడ ఆడుకున్నారో ముందు తెలియాలి. 1958లో ఓషన్ పార్క్ తీరాన పసిఫిక్ ఓషన్ పార్క్ అనే వినోద కేంద్రం తెరిచారు. మూడేళ్ల ముందు వచ్చిన డిస్నీల్యాండ్‌కు పోటీగా సముద్రం మీదికి కట్టిన పియర్ అది. దాని వైభవం తొమ్మిదేళ్లే. 1967లో మూతపడ్డాక తాళాలు వేసి వదిలేశారు. దొంగలు పడ్డారు, మంటలు లేచాయి, పైకప్పులు కూలాయి. నీళ్లలో విరిగిన స్తంభాలు, వాటికి వేలాడే తుప్పుపట్టిన ఇనుప చువ్వలు మిగిలాయి. ఆ స్తంభాల మధ్య లేచే అలలంటే ఆ పేట కుర్రాళ్లకు ప్రాణం. కోవ్ అని పిలుచుకునే ఆ చోట సర్ఫింగ్ చేయాలంటే ఇరుకు సందులోంచి బోర్డును దూర్చాలి, మునిగిన కట్టెను అంచనా వేయాలి, తప్పితే ఒళ్లు చీరుకుపోవడం ఖాయం. పైగా బయటివాళ్లు దిగితే పియర్ మీదనుంచి రాళ్లూ సీసాలూ పడేవి. ఇది మెచ్చుకోదగిన గుణం కాదు. అయితే ఉన్న ఒక్క చోటును కాపాడుకోవాలన్న ఆ మొండితనమే తర్వాత వాళ్ల ఆటలోకీ వచ్చింది.

దుకాణం నడిపినవాళ్లు ముగ్గురు. జెఫ్ హో సర్ఫ్‌బోర్డులను చేత్తో చెక్కే పనివాడు. స్ప్రే రంగులతో ఇంద్రధనుస్సులు పరిచేవాడు. స్కిప్ ఎంగ్‌బ్లమ్ వ్యాపారం చూసుకునేవాడు, పిల్లల్ని అదిలించేవాడు. క్రెయిగ్ స్టెసిక్ చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్, రచయిత. అప్పట్లో సర్ఫ్‌బోర్డు మీద బొమ్మ అంటే కొబ్బరిచెట్టూ సూర్యాస్తమయమూ. స్టెసిక్ తన పేట గోడల మీది రాతలను, ముఠాల గుర్తులను తెచ్చి బోర్డుల మీద వేశాడు. ఉన్న ఊరిని ఉన్నట్టు బోర్డు మీద చూపించడం ఆనాటికి పెద్ద తెగువ.

ముందు దుకాణంలో చేరింది సర్ఫింగ్ కుర్రాళ్లే. చాలామంది ఇళ్లలో తండ్రి లేడు, ఉన్నా పట్టించుకోడు. బడి అయ్యాక దుకాణం చుట్టూ తిరిగేవాళ్లు. ఊడ్చేవాళ్లు, బోర్డులు సానపట్టేవాళ్లు. జెఫిర్ జట్టు చొక్కా దొరకడమంటే వాళ్ల దృష్టిలో ఆ ఊళ్లో అంతకన్నా గౌరవం లేదు.

అల ఉదయమే బాగుంటుంది. పొద్దెక్కి సముద్రపు గాలి మొదలయ్యాక నీళ్లు చెదిరిపోతాయి. మరి మిగతా రోజంతా ఏం చేయాలి? స్కేట్‌బోర్డు ఎక్కారు. అప్పటికి ఆ ఆట దాదాపు చచ్చిపోయింది. 1960ల మధ్యలో ఒక ఊపు ఊపి, దెబ్బలు ఎక్కువై, చాలా ఊళ్లు నిషేధించాక అటకెక్కింది. అసలు లోపం చక్రంలో ఉంది. మొదట్లో ఇనుప చక్రాలు, తర్వాత మట్టి మిశ్రమంతో చేసినవి. రోడ్డు మీద గులకరాయి తగిలితే చాలు, బోర్డు ఆగిపోతుంది, మనిషి ముందుకెళ్లి పడతాడు. మలుపు తిప్పితే జారిపోతుంది. ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే యువకుడు వర్జీనియాలోని ఒక ప్లాస్టిక్ కర్మాగారంలో యూరిథేన్ చక్రాలు చూశాడు. అద్దె రోలర్ స్కేట్ల కోసం చేసినవవి. వాటిని స్కేట్‌బోర్డుకు బిగించి, కాలిఫోర్నియా వచ్చి, 1973 ప్రాంతంలో కాడిలాక్ వీల్స్ పేరుతో అమ్మడం మొదలుపెట్టాడు. మెత్తని చక్రం నేలను పట్టుకుంటుంది, గులకరాళ్ల మీదుగా దాటిపోతుంది. ఆ పట్టు దొరికాకే, అల మీద ఒళ్లు వంచినట్టు నేలమీద వంచడం సాధ్యమైంది.

వంచడానికి తగిన నేల కూడా దగ్గర్లోనే ఉంది. లాస్ ఏంజెలెస్ పడమటి భాగంలో కొన్ని బడులను కొండవాలు తొలిచి కట్టారు. మట్టి జారకుండా ఆటస్థలం అంచుల్లో ఏటవాలుగా తారు పరిచారు. కెంటర్ కాన్యన్, పాల్ రివీర్ లాంటి బడుల్లో ఆ వాలులు ఎప్పటికీ విరగని అలల్లా నిలబడి ఉండేవి. హవాయి సర్ఫర్ లారీ బెర్టిల్‌మన్ నీటికి చెయ్యి తగిలేంతగా కిందికి వంగి తిరిగేవాడు. అతన్ని చూసి ఈ పిల్లలు మోకాళ్లు ముడిచి, అరచేతిని తారుకు ఆనించి, దాన్నే ఇరుసుగా చేసుకుని బోర్డును గిర్రున తిప్పారు. చేతులు గీరుకుపోయాయి, బూట్లు అరిగాయి. వాన్స్ కంపెనీ వీళ్లలాంటి వాళ్ల కోసం ఒక్క కాలి బూటు కూడా విడిగా అమ్మేది, అరిగేది ఎప్పుడూ ఒక్క కాలిదే కాబట్టి.

1975 నాటికి స్కేట్‌బోర్డు జట్టు సిద్ధమైంది. టోనీ ఆల్వా, జే ఆడమ్స్, స్టేసీ పెరాల్టా, షోగో కుబో, బాబ్ బినియాక్, జిమ్ మ్యూర్... మొత్తం 12 మంది. వాళ్లలో ఒకే ఒక్క అమ్మాయి పెగీ ఓకీ. బోర్డులు దుకాణం పేరుతోనే వచ్చేవి. ఫైబర్‌గ్లాస్ పని చేసింది జే ఆడమ్స్ సవతి తండ్రి కెంట్ షేర్‌వుడ్.

ఆ ఏడాది వసంతంలో శాన్ డియేగో దగ్గరి డెల్ మార్‌లో జాతీయ పోటీలు జరిగాయి. అప్పటికి మంచి ఆట అంటే పదేళ్ల నాటి లెక్కే: నిటారుగా నిలబడటం, బోర్డు మీద తలకిందులుగా చేతుల మీద నిలవడం, గుండ్రంగా తిరగడం. నీలం చొక్కాలు, జీన్సు, నీలం వాన్స్ బూట్లతో జెఫిర్ పిల్లలు దిగారు. 14 ఏళ్ల జే ఆడమ్స్ వేదిక మీదికి వేగంగా వచ్చి, నేలకు అతుక్కుపోయినంత కిందికి కూర్చుని, బోర్డు అంచులు రెండు చేతులా పట్టుకుని కప్పగంతులు వేస్తూ పోయాడు. దీనికి మార్కులు ఎలా వేయాలో న్యాయనిర్ణేతలకు పాలుపోలేదు. పెగీ ఓకీ అమ్మాయిల ఫ్రీస్టైల్‌లో మొదటి స్థానం గెలిచింది. ఆమె అబ్బాయిల్లా ఆడుతోందని తోటి పోటీదారులు అభ్యంతరం చెప్పారు. నిజానికి ఆమె ఆడింది డాగ్‌టౌన్‌లో అందరూ ఆడే ఆటే. ఆ జట్టులో ఆడదానికో తీరు, మగవాడికో తీరు లేదు. ఆ సంగతి బయటివాళ్లకు మింగుడుపడలేదు.

స్టెసిక్ కెమెరా, కలం పట్టుకుని అంతటా ఉన్నాడు. అదే ఏడాది మళ్లీ మొదలైన స్కేట్‌బోర్డర్ పత్రికలో జాన్ స్మైత్ అనే మారుపేరుతో డాగ్‌టౌన్ గురించి వరసగా రాశాడు. ఆ వ్యాసాలు, ఫొటోలు చూసి ఎక్కడో సముద్రమే లేని ఊళ్లలోని పిల్లలు కూడా అలాగే వంగడం మొదలుపెట్టారు.

పేరు వచ్చాక డబ్బు వచ్చింది. ఆ డబ్బు దుకాణానికి రాలేదు, పిల్లల దగ్గరికి వచ్చింది. నాకు ఈ కథలో మనసుకు కష్టం కలిగించే ఘట్టం ఇదే. దుకాణం తరఫున ఆడితే చొక్కా, బోర్డు దొరికేవి. పెద్ద కంపెనీలు పిలిచి నెలసరి డబ్బు, సొంత పేరుతో బోర్డు ఇస్తామన్నాయి. ఇంట్లో గడవని పిల్లవాడు కాదనగలడా? షేర్‌వుడ్ విడిపోయి జెడ్-ఫ్లెక్స్ పెట్టుకున్నాడు, జే ఆడమ్స్ అటు వెళ్లాడు. ఆల్వా లోగన్ ఎర్త్ స్కీకి, పెరాల్టా గోర్డన్ అండ్ స్మిత్‌కు వెళ్లారు. 1976లో జెఫిర్ దుకాణం మూతపడింది. ఎవరినీ తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆటగాళ్లను తయారుచేసే పని చిన్నవాళ్లది, అమ్ముకునే పని పెద్దవాళ్లదిగా అయిపోయింది.

జట్టు చెదిరినా ఆట ఆగలేదు. 1976-77లో కాలిఫోర్నియాను గట్టి కరువు పట్టుకుంది. బంగళాల వెనక ఈతకొలనులు ఎండిపోయాయి. అక్కడి కొలనులకు అడుగున మూలలుండవు. గోడ కడాయి వంపులా పైకి లేచి, అంచు దగ్గర నిట్టనిలువు అవుతుంది. కుర్రాళ్లు వీధులు వెతికి, గోడలు దూకి, మిగిలిన మురికినీళ్లు పంపులతో తోడి, ఒకడిని పోలీసుల కోసం కాపలా పెట్టి లోపల దిగేవాళ్లు. మొదట అంచు పలకను చక్రంతో తాకడమే గొప్ప. తర్వాత ఆల్వా అంచు దాటి గాల్లోకి లేచి, బోర్డు చేత్తో పట్టుకుని, తిరిగి గోడ మీదే దిగాడు. ఇవాళ స్కేట్‌బోర్డు పిల్లలు గాల్లో చేసే విన్యాసాలు చాలావరకు అక్కడినుంచి ఎదిగినవే.

ఆ దుకాణం పిల్లలు ఎవరికి వారు చిన్న కంపెనీలు పెట్టుకున్నారు. మ్యూర్ 1976లో వెస్ హంప్‌స్టన్‌తో కలిసి డాగ్‌టౌన్ స్కేట్స్ మొదలుపెట్టాడు. బోర్డు అడుగున బొమ్మ వేసి అమ్మడంలో హంప్‌స్టన్ ముందున్నాడు. 1977లో ఆల్వా తన పేరుతోనే సొంత కంపెనీ పెట్టాడు. మరుసటి ఏడాది పెరాల్టా ఇంజినీర్ జార్జ్ పావెల్‌తో కలిసి పావెల్ పెరాల్టా స్థాపించి, తనలాంటి పిల్లల్ని వెతికి బోన్స్ బ్రిగేడ్ జట్టు కట్టాడు. తర్వాత పేరుమోసిన స్కేటర్ టోనీ హాక్ ఆ జట్టు కుర్రాడే. ఎంగ్‌బ్లమ్ కూడా శాంటా మోనికా ఎయిర్‌లైన్స్ పేరుతో బోర్డులు చేసి, నాటస్ కౌపాస్ అనే స్కేటర్‌ను లోకానికి పరిచయం చేశాడు.

అందరి కథా సాఫీగా సాగలేదు. అందరికన్నా సహజ ప్రతిభ ఉందని జట్టే ఒప్పుకున్న జే ఆడమ్స్ మత్తుమందులకు బానిసై జైలుపాలయ్యాడు. కోలుకుని, 2014లో మెక్సికోలో అలల కోసం వెళ్లినప్పుడు గుండెపోటుతో 53 ఏళ్లకే పోయాడు. షోగో కుబో కూడా అదే ఏడాది పోయాడు. పెగీ ఓకీ చిత్రకారిణి అయింది. తిమింగలాల వేటకు వ్యతిరేకంగా, మడతపెట్టిన కాగితపు తిమింగలాలతో ఏళ్లుగా ఉద్యమం నడిపింది.

పెరాల్టా తీసిన డాక్యుమెంటరీ ‘డాగ్‌టౌన్ అండ్ జెడ్-బాయ్స్’ 2001లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో దర్శకుడి పురస్కారం, ప్రేక్షకుల పురస్కారం గెలిచింది. 2005లో ‘లార్డ్స్ ఆఫ్ డాగ్‌టౌన్’ అనే సినిమా వచ్చింది. అందులో ఎంగ్‌బ్లమ్ పాత్ర హీత్ లెడ్జర్‌ది. ముందుగా డాక్యుమెంటరీ చూడమంటాను. అందులో వాళ్ల గొంతులే ఉన్నాయి.

పసిఫిక్ ఓషన్ పార్క్ పియర్ శిథిలాలను 1970ల మధ్యలోనే తీసేశారు. దుకాణం ఉన్న భవనం మాత్రం నిలిచింది. కూల్చి కొత్తది కట్టాలన్న ఆలోచన వచ్చినప్పుడు పాత స్కేటర్లు, స్థానికులు అడ్డుపడ్డారు. నగరం దానికి చారిత్రక కట్టడంగా గుర్తింపు ఇచ్చింది. ఆ తర్వాత అక్కడ డాగ్‌టౌన్ కాఫీ పేరుతో కాఫీ దుకాణం వెలిసింది. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో కాలిఫోర్నియా వెళ్లే మనవాళ్లలో చాలామంది శాంటా మోనికా పియర్ చూసి, ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తారు. ఈసారి వెళ్తే అక్కడినుంచి దక్షిణంగా మెయిన్ స్ట్రీట్‌లో మైలు లోపే నడవండి. మనవడో మనవరాలో వెంట ఉంటే, ఆ మూలమీద ఆగి ఈ కథ చెప్పండి.