ఎడిటర్ అంకెలు ఎవరి లెక్క?

వీఎస్ కోడ్‌లో కింద ఎడమ మూల బ్రాంచ్ పేరు, పక్కనే రెండు బాణాలు కనిపిస్తాయి. కింది బాణం దగ్గరి అంకె మనం తెచ్చుకోవలసిన కమిట్‌లెన్నో చెబుతుంది, పై బాణం దగ్గరిది పంపవలసినవెన్నో చెబుతుంది. తోటి ప్రోగ్రామర్ పొద్దున్నే కోడ్ పంపినా ఒక్కోసారి ఆ అంకెలు కదలవు. ఒక్కోసారి అంకెలే ఉండవు, వాటి చోట మేఘం బొమ్మ ఉంటుంది. విసిగిపోయి ఫోల్డర్ మొత్తం తుడిచేసి మళ్లీ క్లోన్ చేసేవాళ్లున్నారు. ఇంకా పంపని కమిట్‌లు ఆ తుడుపులోనే పోతాయి. అసలు లోపం సాధారణంగా సెట్టింగుల్లోని ఒకటి రెండు వరుసల్లోనే ఉంటుంది.

ఈ కమిట్‌లను, బ్రాంచ్‌లను నడిపేది గిట్. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ కోసం దాన్ని రాశారు. నెట్ లేకున్నా పని ఆగకూడదు కనుక ఇందులో ఒకే బ్రాంచ్‌కు మూడు రూపాలుంటాయి: మన మెషీన్‌లోని 'మెయిన్', సర్వర్‌లోని 'మెయిన్', ఈ రెంటి నడుమ 'ఆరిజిన్/మెయిన్'. ఈ నడిమిది కూడా మన డిస్క్ మీదే ఉంటుంది. చివరిసారి సర్వర్‌తో మాట్లాడినప్పుడు అక్కడ ఏముందో దాచుకున్న నకలు అది.

ఎడిటర్ అంకెలన్నీ ఈ నకలుతో పోల్చి వేసినవే.

కాబట్టి అంకెలు కదలకపోతే ముందుగా ఫెచ్ చేయాలి, అంటే సర్వర్‌ను అడిగి ఆ నకలును తాజా చేసుకోవాలి. వీఎస్ కోడ్‌లో ఆటోఫెచ్ మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. అప్పుడు మామూలుగా 180 సెకన్లకోసారి సర్వర్‌ను అడుగుతుంది.

మేఘం సంగతి వేరు. బ్రాంచ్ దేన్ని అనుసరించాలో '.గిట్' ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్‌లో రెండు వరుసలు చెబుతాయి: రిమోట్ పేరు, అక్కడి బ్రాంచ్ పేరు. కొత్త బ్రాంచ్‌కు ఆ వరుసలు లేకపోతే ఎడిటర్ 'పబ్లిష్ బ్రాంచ్' అంటుంది. నొక్కితే బ్రాంచ్ సర్వర్‌కు వెళ్తుంది, ఆ రెండు వరుసలూ కాన్ఫిగ్‌లో చేరతాయి.

తికమక పెట్టేది మరొకటుంది. డౌన్‌లోడ్ తగ్గుతుందని 'డెప్త్ 1' పెట్టి క్లోన్ చేస్తే గిట్ ఒక్క బ్రాంచ్‌నే తెస్తుంది, అదే కాన్ఫిగ్‌లోని 'ఫెచ్' వరుసలోనూ ఆ ఒక్క పేరే రాసుకుంటుంది. ఇక ఎన్నిసార్లు ఫెచ్ చేసినా సహచరుల బ్రాంచ్‌లు జాబితాలోకి రావు. ఆ వరుసలో పేరున్న రెండు చోట్లా నక్షత్రం గుర్తు పెట్టి మళ్లీ ఫెచ్ చేస్తే అన్నీ వస్తాయి.

మెర్జ్ అయ్యాక సర్వర్‌లో బ్రాంచ్ తీసేసినా మన దగ్గర నకలు మిగులుతుంది. ఫెచ్‌కు 'ప్రూన్' జోడిస్తే నకలు పోతుంది, మన సొంత బ్రాంచ్ మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని 'గిట్ బ్రాంచ్' ఆదేశానికి చిన్నబడి 'డి' జోడించి తొలగించమంటే, అందులోని కమిట్‌లు వేరే చోట కలిశాయో లేదో గిట్ ముందు చూస్తుంది. పెద్దబడి 'డి' ఆ తనిఖీ చేయదు.