తిబెరి నాణెము, అమరావతి రాళ్లు: సర్ వాల్టర్ ఎలియట్ సేకరణను గూర్చి

లూకా సువార్త 3వ అధ్యాయములో తిబెరి కైసరు పేరు చదువు మన సంఘస్థులలో ఎందరికి ఆ కైసరు నాణెములు మన నేలలోనే దొరికినవని తెలియును? 1889లో వినుకొండలో బయటపడిన రోమా బంగారు నాణెములలో తిబెరి కాలము నాటివి ఉన్నవి. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు మసాలియ అని వ్రాసినది మన కృష్ణా గోదావరుల తీరమునే. ఇక్కడి నూలుబట్టలకు అక్కడ మంచి గిరాకీ.

ఈ పాత వస్తువుల మీద తెల్లదొరలలో మిక్కిలి మక్కువ చూపినవాడు ఎలియట్. ఉద్యోగరీత్యా పురాతత్వ పండితుడు కాడు, కుంఫిణీ సివిలు అధికారి. 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారులకు కమీషనరు. రాజమండ్రి జిల్లా ఆయన పాలనలోనిదే. ధవళేశ్వరం ఆనకట్ట (1847–52) కట్టినది ఆ రోజులలోనే. కచేరి పని ముగించుకొని శాసనములకు నకళ్లు తీయించెను, నాణెములు పోగుచేసెను.

1845లో ఆయన అమరావతి స్తూపమును త్రవ్వించి శిల్పములను మద్రాసుకు పంపెను. అవి అక్కడ ఏండ్ల తరబడి ఎండకు వానకు పడియుండెను. తరువాత 121 రాళ్లు లండను చేరినను గతి మారలేదు. 1867లో ఫెర్గూసన్ వాటిని ఒక బండ్లశాలలో కనుగొనెను. 1880లో బ్రిటిషు మ్యూజియము చేరినవి.

ఆయన లేనిచో ఆ రాళ్లలో కొన్ని సున్నపు బట్టీలకు పోయెడివేమో. అయినను ఏ రాయి స్తూపములో ఎచ్చట ఉండెనో తెలుపు వివరమైన పట్టిక మనకు మిగులలేదు. మా దృష్టిలో ఇదే పెద్ద నష్టము. రాయి దొరికినది, దాని చోటు పోయినది. డెల్టాలోని ఒక పాత సంఘములో బాప్తిస్మపు రిజిస్టరు చెదలు తినగా మేము కండ్లార చూచితిమి. తాతల పేర్లు అడిగినవారికి చెప్పుటకు మాయొద్ద ఏమియు లేకపోయెను. కనుక ఎలియటును తప్పుపట్టుటకు మాకు నోరు రాదు.

ముసలితనములో ఆయనకు చూపు పోయెను. అయినను దక్షిణ భారత నాణెములపై గ్రంథమును పూర్తిచేసెను. అది 1886లో వెలువడెను. 1887 మార్చి 1న, మరణించిన ఉదయముననే, తిరుక్కురళ్ అనువాదకుడైన మిషనరీ పోప్‌గారికి ఒక ఉత్తరము చెప్పి వ్రాయించి, తన చేతితోనే సంతకము చేసెను.