మల్లుని వెల

మల్లుని కీర్తి మిక్కిలి చంచలమైనది. పదియేండ్లు గెలిచినవానిని లోకము ఒక్క యోటమితో మఱచును. 2015వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీని అమెరికాలోని లాస్ వేగాస్ నగరమున, బ్రెజిలు దేశీయుడగు జోసే ఆల్డో పోటీ ప్రారంభమైన 13 సెకండులకే నేలగూలెను. అంతకు పూర్వము పదియేండ్లు ఆతడు ఓటమి యన నెట్టిదో యెఱుగడు. అయినను నేటికిని ఆతని పేరు చెప్పగనే పెక్కురు ఆ 13 సెకండులనే తలంచుచుందురు. ఇది న్యాయము గాదని మా యభిప్రాయము. 2025వ సంవత్సరము మే నెలలో ఆల్డో పోటీలనుండి విరమించెను. కావున ఆతని చరిత్రమును ఆమూలాగ్రముగ పరిశీలించుటకు ఇది తగిన సమయము. అందు ఒక మల్లుని గెలుపోటములు మాత్రమే కాక, ఆతని దేహబలమునకు వెల కట్టువారెవరు, ఆ వెల ముట్టునది యెవరికి అను ప్రశ్నయు ఇమిడియున్నది.

ఆల్డో జన్మస్థానము మనౌస్ నగరము. అమెజాన్ మహారణ్యముల నడుమనున్న యీ నగరము పందొమ్మిదవ శతాబ్ది చివర రబ్బరు వర్తకముచే కుబేరనగరమై వెలసెను. 1896లో అచ్చట ఐరోపా రాజధానులకు దీటైన నాటకశాల ప్రారంభమయ్యెను. కాని అంతకు ఇరువదియేండ్ల ముందే, 1876లో, హెన్రీ విక్‌హాము అను ఆంగ్లేయుడు వేలకొలది రబ్బరు విత్తనములను లండనునకు తరలించియుండెను. వాని సంతతి సింహళమునను మలయాలోను తోటలై పెరిగెను. ఆ మలయా తోటలలో చెమటోడ్చినవారిలో మన తెలుగు కూలీలును కలరు. తోటరబ్బరు చవుకగ లభింపసాగిన పిమ్మట మనౌస్ వైభవము అడుగంటెను. ఆ నగరమున 1986 సెప్టెంబరు 9వ తేదీని ఒక తాపీపనివాని యింట ఆల్డో జన్మించెను. శైశవమున నిప్పులపై పడుటచే కలిగిన మచ్చ ఆతని చెక్కిలిపై నేటికిని కలదు.

బ్రెజిలునుండి పరదేశమునకు తరలినది రబ్బరు మాత్రమే కాదు. ఈ మల్లవిద్యయు అట్టిదే. 1914లో బ్రెజిలునకు వచ్చిన జపాను దేశీయుడగు మయేదా అను జూడో ప్రవీణుడు గ్రేసీ కుటుంబమువాడగు కార్లోసునకు తన విద్య నేర్పెను. గ్రేసీ సోదరులు దానిని నేలపై పెనగులాడు ప్రత్యేకవిద్యగ పెంపొందించిరి. అల్పకాయుడును పట్ల నేర్పుచే స్థూలకాయుని లొంగదీయవచ్చునని నిరూపించిరి. పిడిగ్రుద్దులు, తన్నులు, కుస్తీపట్లు అన్నియు చెల్లునట్టి పోటీలు ఆ దేశమున ప్రబలెను. 1993లో ఆ కుటుంబమువాడే యగు రోరియన్ గ్రేసీ మఱికొందఱతో గూడి అమెరికాలోని డెన్వరు నగరమున యూ.ఎఫ్.సి. అను పేర ఈ పోటీలను నెలకొల్పెను. 2001లో లాస్ వేగాసుకు చెందిన ధనికులు ఆ సంస్థను 20 లక్షల డాలరులకు కొని, 2016లో సుమారు 400 కోట్ల డాలరులకు విక్రయించిరి. ఈ రెండు సంఖ్యలను పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురుగాక!

బాల్యమున ఫుట్‌బాలు ఆటగాడు కాగోరిన ఆల్డో, యౌవనారంభమున చేత కాసులేక రియో నగరమునకు చేరెను. ఆంద్రే పెదెర్నెయిరాస్ అను గురువు నడుపు నోవా ఉనియావో వ్యాయామశాలయందే పరుండి, పస్తులుండి, తోడివారు పెట్టినది తిని ఆతడు విద్య గఱచెను. 2004లో పోటీలకు దిగి, 2005 నవంబరులో తన జన్మస్థానమగు మనౌసులోనే మొదటిమాఱు ఓడెను. ఆ పిమ్మట వరుసగ 18 పోటీలలో గెలిచెను. 2009 జూనులో కబ్ స్వాన్సన్ అను అమెరికనుని 8 సెకండులలో కూల్చెను. అదే సంవత్సరము నవంబరులో 145 పౌనుల తరగతికి ఛాంపియనయ్యెను. 2010 ఏప్రిలులో యురైయా ఫేబరును ఆతని స్వస్థలమగు శాక్రమెంటోలోనే యెదుర్కొని, అయిదు రౌండులును తొడపై తన్నుచు ఆతనిని కుంటివానిని జేసెను. 2010 నవంబరులో యూ.ఎఫ్.సి. ఆతనిని ఆ తరగతికి తన ప్రథమ ఛాంపియనుగ అంగీకరించెను. ఆ పదవిని ఆతడు ఏడు పర్యాయములు నిలుపుకొనెను. 2012 జనవరిలో రియో నగరమున చాడ్ మెండెసును మొదటి రౌండు ముగియుటకు ఒక్క సెకండు మిగిలియుండగా మోకాటిపోటుతో పడగొట్టి, కంచె దాటి జనసమూహములోనికి పరుగెత్తెను. ఆ జనులు ఆతనిని భుజములపై నెత్తుకొనిరి. పస్తులుండిన నగరమే పట్టము గట్టినది.

ఇట్టివానికి ప్రత్యర్థిగ ఐర్లండు దేశమునుండి కోనర్ మెక్‌గ్రెగర్ వచ్చెను. ఆతడు సమర్థుడే, ఆతని యెడమచేతి దెబ్బ అమోఘము. కాని పోటీకి ప్రచారము చేయు సందర్భమున, పూర్వకాలమైనచో గుఱ్ఱమెక్కి ఆల్డో పేటపై దండెత్తి, పనికిరానివారి నెల్ల చంపియుందునని ఆతడు పలికెను. ఈ మాట మఱియొకరు పలికిన అంతగ నొవ్వము. ఐర్లండు పేరు విని ఉప్పొంగిన జాతి మనది. దండెత్తివచ్చిన పరాయిగుఱ్ఱముల డెక్కలక్రింద శతాబ్దములు నలిగిన దేశపు బిడ్డ నోట ఆ మాట వెలువడుట మిక్కిలి శోచనీయము. టిక్కెట్లు విక్రయించుటకు ఏ పలుకైనను తగుననువారి లోకమున ఇట్టివి చెల్లును. ఆ దూషణములచే కుపితుడైన ఆల్డో, గంట మ్రోగగనే తొందరపడి ముందునకు దుమికి దెబ్బతినెను. దోషము ఆతనిదే. ఎనిమిది సెకండులలో గెలిచినవానికి పదుమూడు సెకండులలో ఓడుట సంభవింపరానిది గాదు.

అన్యాయము జరిగినది ఆ పిమ్మట. అంతకాలము ఏలినవానికి తిరిగి పోటీచేయు నవకాశము దక్కవలసినది, దక్కలేదు. 2016 జూలైలో ఆతడు ఫ్రాంకీ ఎడ్గరును గెలిచి తాత్కాలిక ఛాంపియనయ్యెను. అయినను అధిక ధనము వచ్చుమార్గము చూచుకొని కంపెనీ మెక్‌గ్రెగరును వేఱొక తరగతికి పంపెను. తన్ను విడిచిపుచ్చుడని ఆల్డో కోరెను. కంపెనీ విడువలేదు. ఒప్పందమను త్రాటితో కట్టబడిన ఛాంపియను, వేఱొకచోట పోటీచేయుటకైనను స్వతంత్రుడు గాడయ్యెను. 2014లోనే కొందఱు మల్లులు ఇట్టి ఒప్పందములచే తమ ప్రతిఫలము అణచబడుచున్నదని అమెరికా న్యాయస్థానమున దావా వేసియుండిరి. అది 37 కోట్ల 50 లక్షల డాలరుల రాజీతో ముగిసెను. 2025 ఫిబ్రవరిలో న్యాయాధిపతి దానిని ఆమోదించెను. ఆ రాజీ 2010 డిసెంబరునుండి 2017 జూనువఱకు పోటీచేసినవారికి వర్తించును. ఆల్డో యేలుబడికాలము ఇంచుమించు అదియే! కంపెనీ వెల 400 కోట్లకు పెరిగినదియు ఆ దినములలోనే.

2017లో హవాయివాడగు మాక్స్ హాలోవే చేతిలో ఆల్డో రెండుమాఱులు ఓడెను. అంతటితో ఇంటికి పోయినను తప్పుపట్టువారు లేకుండిరి. ఆతడు పోలేదు. ముప్పదిమూడేండ్ల వయస్సున తన శరీరమును శోషింపజేసి 135 పౌనుల తరగతికి దిగెను. 2020లో అబూధాబీలో పీటర్ యాన్ చేతిలో అయిదవ రౌండువఱకు పోరాడి పడెను. పిదప ముగ్గురిని వరుసగ గెలిచెను. 2022లో విరమించి, 2024 మే నెలలో మఱల రియో జనుల యెదుట దిగి విజయము గాంచెను. తుదకు 32 గెలుపులతో, 10 ఓటములతో 2025లో మాంట్రియల్ నగరమున సెలవు గైకొనెను. మా దృష్టిలో ఆల్డో గొప్పతనము ఓటమి యెఱుగని పదియేండ్లకంటె, ఓటమి నెఱిగిన ఈ పదియేండ్లయందే యెక్కువగ వెల్లడియగుచున్నది.

మనదేశమునను 2008నుండి క్రికెట్టు ఆటగాండ్రను, 2014నుండి కబడ్డీ ఆటగాండ్రను వేలమున కొనుచున్నారు. పేదయింటి బిడ్డలకు దానివలన కూడు దొరకుచున్నది. మేము దానిని నిందింపము. కాని వేలము పాడువారు ఏ షరతులపై కొనుచున్నారో, ఆటగాడు వలదనుకొన్నచో విడిచిపోవు హక్కు ఆతనికి కలదో లేదో తల్లిదండ్రులును దేశహితైషులును విచారింపవలెను. రబ్బరు చెట్టు తన పాలకు ధర యడుగలేదు. మనుష్యుడు అడుగగలడు, అడిగినప్పుడు ఆతని ప్రక్కన నిలుచువారు కావలెను.