బాగున్న సగం నడిపే చెయ్యి

పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటితే చేతికి కొత్తగా వచ్చే కదలిక బాగా తగ్గిపోతుంది. అందులోనూ మొండికేసేవి ముడుచుకుపోయిన వేళ్లు. గ్లాసు పట్టుకోవాలన్నా ముందు చెయ్యి తెరవాలి కదా! ఆ వేళ్ల కోసం పుట్టిన యంత్రమే ఇప్సీహ్యాండ్.

దీని పుట్టిల్లు అమెరికాలోని సెయింట్ లూయిస్. దీనికి ఆధారమైన, తల మీద నుంచే మెదడు విద్యుత్తును పట్టుకునే విద్య 1924 నాటిది, జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్‌ది. దాంతో కంప్యూటర్‌ను నడపొచ్చేమో చూడాలని 1973లో జాక్ విడాల్ ప్రతిపాదించాడు. పక్షవాతం దగ్గరికి వచ్చేసరికి చిక్కు వచ్చింది. కుడి చెయ్యి పడిపోయిందనుకుందాం. దాన్ని నడిపేది ప్రధానంగా ఎడమ మెదడు. దెబ్బతిన్నదీ అదే. ఇక సంకేతం ఎక్కడ దొరుకుతుంది?

సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ న్యూరోసర్జన్ ఎరిక్ లూథార్ట్ బృందం రెండో వైపు వెతికింది. కుడి చెయ్యి కదపాలనుకున్నప్పుడు కుడి మెదడులోనూ కాస్త అలికిడి ఉంటుంది. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇదే. మోటారు, కంప్యూటర్ ఎవరైనా బిగించగలరు.

రోగి తలకు ఎలక్ట్రోడ్ల హెడ్‌సెట్, చేతికి మోటారు తొడుగు పెట్టుకుంటాడు. కాసేపు ఊరికే కూర్చుంటాడు. తర్వాత చెయ్యి తెరుస్తున్నట్టు మనసులో ఊహించుకుంటాడు. అప్పుడు మెదడు విద్యుత్తులో వచ్చే, వోల్టులో లక్షో వంతు లెక్కలో ఉండే మార్పును కంప్యూటర్ గుర్తుపడితేనే తొడుగు చూపుడువేలినీ మధ్యవేలినీ కదుపుతుంది. ఊహ లేకుండా మోటారు ఒక్కటే వేళ్లు లాగితే అది వట్టి వ్యాయామం. అనుకున్న క్షణంలోనే వేళ్లు కదిలి, ఆ స్పర్శ తిరిగి మెదడుకు చేరితే, మెదడులో బాగున్న సగం ఆ చేతిని నడపడం నేర్చుకుంటుందన్నది వాళ్ల ఆలోచన.

2017లో ప్రచురించిన అధ్యయనంలో 10 మంది ఇంట్లోనే 12 వారాలు వాడారు. 57 మార్కుల చేతి పరీక్షలో సగటున 6.2 మార్కులు పెరిగాయి. తక్కువేమీ కాదు. కానీ పోల్చి చూడటానికి యంత్రం వాడని బృందం అందులో లేదు. 40 మందిపై జరిగిన మరో పరీక్ష చూసి, 2021 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని 18 ఏళ్లు నిండినవారికి అనుమతించింది. అలసట, చర్మం కాస్త ఎర్రబడటం తప్ప పెద్ద ఇబ్బందులు కనిపించలేదు. పుర్రె కొయ్యనక్కర్లేకపోవడం పెద్ద సౌలభ్యమే. ఫిజియోథెరపీని మాత్రం ఇది మాన్పించదు. దానికి తోడుగానే వాడాలి.