కత్తెర పురుగు వచ్చిందా? లెక్కపెట్టి చూడండి

పత్తికొండ చేలల్లో జొన్న పండుతుంది. మొక్కజొన్న కూడా వేస్తారు. జొన్న గింజ మనకు రొట్టె. జొన్న చొప్ప ఎద్దులకు మేత. ఆ పైరు పోతే మనిషికీ, పశువుకీ కష్టమే.

ఈ పైర్లకు కొత్త శత్రువు వచ్చింది. అదే కత్తెర పురుగు. దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. 2016లో ఆఫ్రికాలో కనబడింది. 2018లో కర్ణాటకలో కనబడింది. అదే ఏడు మన రాష్ట్రానికీ వచ్చింది.

ఇంత దూరం ఎట్లా వచ్చింది? దీని తల్లి రెక్కల పురుగు. రాత్రిపూట ఎగురుతుంది. గాలి తోడైతే ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్లు పోగలదు. పొలిమేరలో దాన్ని ఆపలేం. చేనులోనే కనిపెట్టాలి.

ఎట్లా గుర్తుపట్టాలి?

తల్లి పురుగు ఆకు మీద గుడ్లు కుప్పగా పెడుతుంది. ఒక్కో కుప్పలో 100 నుంచి 200 దాకా ఉంటాయి. పైన నూగు కప్పి ఉంటుంది. రెండు మూడు రోజుల్లో పిల్లలు వస్తాయి. మొదట ఆకు మీద తెల్ల మచ్చలు పడతాయి. తర్వాత చిల్లులు పడతాయి. పురుగు మొవ్వులో దూరి తింటుంది. అక్కడ రంపపు పొట్టులాంటి పెంట కనబడుతుంది. పురుగు తల మీద తిరగేసిన పంగకర్రలాంటి గీత ఉంటుంది. తోక దగ్గర నాలుగు నల్ల చుక్కలు చదరంగా ఉంటాయి.

ప్రమాదం ఎంత?

ఒక మొక్క చూసి భయపడొద్దు. ఒక మొక్క చూసి ధైర్యపడొద్దు. చేనులో ఐదు చోట్ల నిలబడండి. ఒక్కో చోట 20 మొక్కలు చూడండి. మొత్తం 100 మొక్కలు. దెబ్బతిన్నవి ఎన్నో రాసుకోండి. కలుపు తీసేటప్పుడే ఈ పని చేయవచ్చు. లేత పైరుకు ప్రమాదం ఎక్కువ. అందుకే మొదటి నెలంతా వారానికి రెండుసార్లు చూడాలి.

ఏం చేయాలి?

లెక్క 5 కంటే తక్కువైతే మందు ఖర్చు వద్దు. గుడ్ల కుప్పలు నలిపేయండి. పురుగులను ఏరి చంపండి. 9 పాళ్ల ఇసుకలో 1 పాలు సున్నం కలిపి మొవ్వులో వేయండి. లేత పైరులో లెక్క 5 గానీ, అంతకు మించి గానీ ఉంటే వేపగింజల కషాయం కొట్టండి. 5 కిలోల వేపగింజల పొడికి 100 లీటర్ల నీళ్లు. అయినా తగ్గకపోతే వ్యవసాయ అధికారిని అడిగి మందు వాడండి. మందు కొట్టిన చొప్ప వెంటనే పశువులకు వేయకూడదు.

ఊరంతా ఒకేసారి విత్తడం మంచిది. తలా ఒకసారి విత్తితే పురుగుకు ఎప్పుడూ లేత పైరు దొరుకుతుంది.

లెక్క చేయండి

ఒక లేత జొన్న చేనులో ఐదు చోట్ల దెబ్బతిన్న మొక్కలు 2, 0, 3, 1, 2. మొత్తం ఎన్ని? ఆ చేనుకు ఏం చేయాలి?