డ్యూటీ చేస్తూ డిగ్రీ చదివే సిస్టర్లు



వార్డులో మీకు సెలైన్ పెట్టి, వేళకు మాత్రలిచ్చి, రాత్రంతా బి.పి. చూసే సిస్టర్లలో కొందరు డ్యూటీ దిగి గదికి వెళ్ళాక పుస్తకం తెరుస్తారని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. వీళ్ళు నర్సింగ్ ఎప్పుడో చదివి, రిజిస్టరు చేయించుకుని, ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవాళ్ళే. మరి మళ్ళీ చదువెందుకు? ఇంట్లో కూర్చుని కంప్యూటరు ముందు చదివితే సరిపోతుందా? సంఘంలోని తల్లిదండ్రులు ఈ మధ్య మా నర్సింగ్ ఆఫీసుకు వచ్చి ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. కొందరైతే కరపత్రం చేత పట్టుకుని, "ఆన్‌లైన్‌లో బి.ఎస్సీ. నర్సింగ్ అంటున్నారమ్మా, డబ్బు కట్టమంటారా?" అంటున్నారు. అందుకే ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాము.

డిప్లొమా, డిగ్రీ: తేడా ఏమిటి?

మన దేశంలో రిజిస్టర్డ్ నర్సు కావడానికి రెండు దారులున్నాయి. ఒకటి జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ, అంటే జి.ఎన్.ఎం. డిప్లొమా. ఇది ఇప్పుడు మూడేళ్ళు. రెండవది నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగ్ డిగ్రీ. ఈ డిగ్రీ చదువు 1946లోనే ఢిల్లీలోను, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోను మొదలైంది. అయినా మా తరం నర్సుల్లో ఎక్కువమందిమి డిప్లొమా వాళ్ళమే. ఆ రోజుల్లో మాకు అందుబాటులో ఉన్నవి ఆసుపత్రుల నర్సింగ్ స్కూళ్ళే. మంచం దగ్గర చేసే సేవలో ఇద్దరూ నర్సులే. కాని ఎం.ఎస్సీ. నర్సింగ్ చదవాలన్నా, నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాలన్నా డిగ్రీ ఉండి తీరాలి. కొన్ని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉద్యోగానికి డిప్లొమా వాళ్ళను అదనంగా రెండేళ్ళ అనుభవం అడుగుతారు.

డిప్లొమా ఉన్నవాళ్ళు డిగ్రీ పొందడానికి పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ అనే కోర్సు ఉంది. కాలేజీలో చేరితే రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ ఉద్యోగం మానాలి, లేదా జీతం లేని సెలవు పెట్టాలి. ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తుంటే అది జరిగే పని కాదు.

అలాంటివారి కోసమే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, మనమంతా ఇగ్నో అంటామే, 1994లో ఈ కోర్సును దూరవిద్యలో ప్రారంభించింది. ఇది కనీసం మూడేళ్ళు. ఉద్యోగంలో ఉన్న, రిజిస్ట్రేషను ఉన్న నర్సులకే ప్రవేశం, అదీ ప్రవేశ పరీక్ష రాసిన తర్వాత. పాఠాలు ఇంట్లో చదువుకోవచ్చు, అసైన్‌మెంట్లు రాసి పంపవచ్చు. కాని ప్రాక్టికల్స్ మాత్రం నియమించిన కేంద్రానికి వెళ్ళి, ఉపాధ్యాయుల ఎదుట చేయాల్సిందే. ఏ ఏడాది ఏ కేంద్రంలో సీట్లున్నాయో, నియమాలేమిటో ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోవాలి.

అమెరికాలో అంతా ఆన్‌లైనేనట, నిజమేనా?

చాలావరకు నిజమే. అక్కడ రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ చదివి, లైసెన్సు పరీక్ష ప్యాసై నర్సుగా పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు ఉద్యోగం చేసుకుంటూనే ఆన్‌లైన్‌లో బ్యాచిలర్ డిగ్రీ పూర్తి చేయవచ్చు. సూది వేయడం, డ్రెస్సింగ్ చేయడం వాళ్ళకు ముందే వచ్చు. మిగిలింది ఎక్కువగా సామాజిక ఆరోగ్యం, పరిశోధన, నాయకత్వం వంటి చదువు. అందువల్ల అది ఆన్‌లైన్‌లో వీలవుతుంది.

2010లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక నివేదికలో, 2020 నాటికి నర్సుల్లో 80 శాతం మందికి బ్యాచిలర్ డిగ్రీ ఉండాలని సిఫారసు చేసింది. గడువు లోపల ఆ లక్ష్యం చేరలేదు గాని, చదివేవాళ్ళ సంఖ్య బాగా పెరిగింది. న్యూయార్క్ రాష్ట్రం 2017లో చట్టమే చేసింది. దాని ప్రకారం కొత్తగా చేరే నర్సులు పదేళ్ళలోపు డిగ్రీ తీసుకోవాలి.

కరపత్రాలు వేసేవాళ్ళు ఈ అమెరికా సంగతి చూపించి ఇక్కడ కూడా అంతే అంటారు. ఇక్కడ అంతే కాదు. ఆ తేడా కింద చెబుతాము.

చదివేవాళ్ళ కష్టసుఖాలు

ఉద్యోగం చేస్తూ చదివిన సిస్టర్లు చెప్పే మొదటి కష్టం నిద్ర. నైట్ డ్యూటీ దిగిన ఉదయం పుస్తకం పట్టుకుంటే ఒక్క ముక్క తలకెక్కదు. ముందు నిద్ర, తర్వాతే చదువు అనే నియమం పెట్టుకున్నవాళ్ళే చివరిదాకా నిలబడుతున్నారు. రెండవది రాత. ఏళ్ళ తరబడి రిపోర్టు పుస్తకంలో రెండేసి వాక్యాలు రాసిన చేతికి పది పేజీల జవాబు అంటే భయమేస్తుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళకు ఇంగ్లీషు మరో కొండ. మూడవది ఒంటరితనం. క్లాసులో పక్కన కూర్చునే స్నేహితురాలు ఉండదు. అందుకే ముగ్గురు నలుగురు కలిసి చేరితే మంచిదని చెబుతాము. ఒకరు వెనకబడితే ఇంకొకరు లాక్కొస్తారు.

ఇక ఇల్లు. కొడుకు హోంవర్కు, తల్లి అసైన్‌మెంటు ఒకే బల్ల మీద సాగే ఇళ్ళు ఉన్నాయి. పరీక్షల వారం అత్తగారు వంట చూసుకుంటే కోడలు ప్యాసవుతుంది. "ఈ వయసులో చదువేమిటి?" అనే మాట రోజూ వినపడే ఇంట్లో ఎంత తెలివైన అమ్మాయైనా మధ్యలో ఆగిపోతుంది.

సుఖం కూడా ఉంది. ఇన్నాళ్ళూ అలవాటుగా చేసిన పనికి కారణం తెలుస్తుంది. ఉదాహరణకు ఆపరేషన్ అయిన రోగి మూత్రం కొలిచి చార్టులో రాయడం నర్సులందరూ చేసే పనే. పెద్దవారిలో అది గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గుతూ ఉంటే మూత్రపిండాలకు రక్తం చాలడం లేదేమోనని అనుమానించాలి. ఎందుకో అర్థం చేసుకున్న నర్సు అంకె రాసి ఊరుకోదు, బి.పి., నాడి చూసి వెంటనే డాక్టరుగారికి కబురు చేస్తుంది.

రోగికి దీనివల్ల మేలేమిటి?

దీని మీద పెద్ద పరిశోధనలు జరిగాయి. లిండా ఐకెన్ అనే అమెరికా నర్సు పరిశోధకురాలు, ఆమె సహచరులు పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించి 2003లో ఫలితాలు ప్రకటించారు. డిగ్రీ నర్సులు 10 శాతం ఎక్కువ ఉన్న చోట, ఆపరేషన్ అయిన రోగులు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం సుమారు 5 శాతం తక్కువగా కనిపించింది. 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చిన మరో పరిశోధన తొమ్మిది యూరప్ దేశాల్లో, 300 ఆసుపత్రుల్లో, నాలుగు లక్షలకు పైగా రోగుల వివరాలు చూసింది. అక్కడ ఆ తగ్గుదల 7 శాతం. అదే పరిశోధనలో ఒక్కో నర్సు చూసుకునే రోగులు ఒక్కరు పెరిగినా, చనిపోయే అవకాశం 7 శాతం పెరిగినట్లు తేలింది.

కాబట్టి కాగితం ఒక్కటే ప్రాణం కాపాడదు. చదువూ కావాలి, వార్డులో సరిపడా చేతులూ కావాలి. ఇరవై ఏళ్ళు ప్రసవాల వార్డులో పనిచేసిన డిప్లొమా సిస్టరు అనుభవం ఏ డిగ్రీకీ తీసిపోదు. ఆ అనుభవానికి చదువు తోడైతే రోగికి రెండింతల మేలని మా నమ్మకం.

డబ్బు కట్టే ముందు

1. "పూర్తిగా ఆన్‌లైన్, ప్రాక్టికల్స్ అక్కర్లేదు" అంటే నమ్మవద్దు. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అంటే యు.జి.సి., 2020లో ఇచ్చిన నిబంధనల్లో ఆన్‌లైన్, దూరవిద్యల్లో నడపకూడని కోర్సుల జాబితాలో నర్సింగ్‌ను చేర్చింది. ఇగ్నో కోర్సు నర్సింగ్ కౌన్సిల్ అంగీకారంతో, పనిలో ఉన్న నర్సుల కోసం, ప్రాక్టికల్స్‌తో నడిచినది. దానిని చూపి మరెవరో అమ్మేది వేరు.

2. ఇంటర్ ప్యాసైన అమ్మాయికి ఇంట్లో కూర్చుని నర్సు అయ్యే దారి లేదు. ఆమె కాలేజీకి, వార్డుకు వెళ్ళాల్సిందే.

3. కోర్సుకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఆమోదం ఉందా, మన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ఆ డిగ్రీని రిజిస్టరు చేస్తుందా అన్నది స్వయంగా కనుక్కోండి. కౌన్సిల్ స్థానంలో జాతీయ కమిషన్ ఏర్పాటుకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఎవరి చేతిలో ఉన్నా, రిజిస్టరు కాని డిగ్రీ ఉద్యోగానికి పనికిరాదు.

4. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెంటు చేతికి ఇవ్వవద్దు. రసీదు లేకుండా రూపాయి కట్టవద్దు.

5. విదేశం వెళ్ళే ఆలోచన ఉంటే, ఆ దేశపు నర్సింగ్ బోర్డు ఏ డిగ్రీని ఒప్పుకుంటుందో ముందే తెలుసుకోండి.

మీరు చేయగల సాయం

మీ ఇంట్లో చదువుకునే నర్సు ఉంటే, నైట్ డ్యూటీ దిగిన రోజు మధ్యాహ్నం దాకా ఆమెను లేపకండి. పరీక్షల ముందు పెళ్ళిళ్ళకు, పేరంటాలకు రమ్మని బలవంతం చేయకండి. మా వైపు నుండి, పరీక్ష ముందు రాత్రి నైట్ పడకుండా డ్యూటీ చార్టు సర్దుతున్నాము. తోటి సిస్టర్లు డ్యూటీ మార్చుకుని సహకరిస్తున్నారు. ఈసారి ఒకరు సర్దుకుంటే, వచ్చేసారి ఇంకొకరు వాళ్ళకోసం సర్దుకుంటారు.

బంగారం కుదువపెట్టి ఫీజు కట్టబోయే తల్లిదండ్రులకు ఒక్క మనవి. కరపత్రం తీసుకుని ముందు మా నర్సింగ్ ఆఫీసుకు రండి. కూర్చుని కలిసి చదువుదాం. సరైన కోర్సయితే దరఖాస్తు నింపడానికి మేమే సాయం చేస్తాము.