చదువుకుంటూనే జీతం: పై చదువులకు డబ్బులెట్లా?



డిగ్రీ పరీక్షలు కాగానే పెట్టె సర్దుకొని ఊరికి పోతే ఇంట్లో ఒకటే మాట: "ఇంకెన్నేండ్లు సదువుతవు బిడ్డా, ఏదన్న పని చూస్కో." అందులో తప్పు లేదు. మా బ్యాచ్‌లో బాగా చదివేవాళ్లే ఆ మాట దగ్గర ఆగిపోయారు. పై చదువుకు మనమే కట్టాలనుకున్నాం. చదివేవాళ్లకే నెలనెలా ఇస్తారని మాకు చెప్పినవాళ్లు లేరు. అందుకే ఇది రాస్తున్నాం.

దూరం పోనక్కర్లేదు. ఐఐటీ హైదరాబాద్ పేరుకే హైదరాబాద్. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలై కందికి మారింది. 2016లో సంగారెడ్డి జిల్లా అయ్యేదాకా ఆ రెండు ఊళ్లూ మన మెదక్ జిల్లాలోవే. అక్కడ ఎం.టెక్.లో టీచింగ్ అసిస్టెంట్‌గా చేరితే రెండేళ్లు, రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరితే మూడేళ్లు. గేట్ స్కోరుతో చేరిన టీచింగ్ అసిస్టెంట్‌కు నెలకు 12,400 రూపాయలిస్తారు. బదులుగా వారానికి 8 గంటలు పని చేయాలి. బి.టెక్. పిల్లల ల్యాబ్ చూడడం, పేపర్లు దిద్దడం వంటివి. ఇది అప్పు కాదు, దానం అంతకన్నా కాదు. చేసిన పనికి జీతం.

బాబాసాహెబ్ 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తోనే కొలంబియా వెళ్లారు. తిరిగొచ్చి పదేళ్లు అక్కడ కొలువు చేస్తానని ఒప్పందం రాసిచ్చారు. మనకు ఆ షరతు కూడా లేదు.

బి.ఏ., బి.కాం. వాళ్లు దిగులుపడొద్దు. పీజీ చేసి నెట్ రాయండి. ఏటా జూన్, డిసెంబర్ పేర్లతో రెండుసార్లు ఉంటుంది. జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీకి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. ఇవి 2023 జనవరి నుంచి అమలైన రేట్లు. ఇంటద్దె వేరు. వయసు 30 దాటొద్దు గానీ ఎస్సీ, ఎస్టీ, బీసీలకు ఐదేళ్ల సడలింపు ఉంది. ఎస్సీలకు విడిగా నేషనల్ ఫెలోషిప్ కూడా ఉంది.

ఒక్క సంగతి దాచం. పైసలు మంజూరైనా చేతికి ఆలస్యంగా వస్తాయి. మాలో ఒకన్నకు చేరిన ఐదు నెలలకు గానీ రాలేదు. మెస్ బిల్లు పెరిగిపోతే దోస్తులందరం తలా ఇంత వేసుకున్నాం. అందుకే నాలుగైదు నెలల ఖర్చు దగ్గర పెట్టుకొని చేరండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే తీసుకోండి.

అమెరికా సంగతి వేరు. అక్కడ పీహెచ్‌డీకైతే ఫీజు మాఫీ చేసి, వారానికి 20 గంటల వరకు పనికి జీతమిచ్చే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. ఎం.ఎస్.కు ముందుగానే అట్లా రాసివ్వడం అరుదు. "పోయినంక దొరుకుతది" అన్న మాట నమ్మి పొలం కుదువ పెట్టకండి. అడ్మిషన్ ఉత్తరంలో ఎంత, ఎన్నేళ్లు అని రాసి ఉంటేనే లెక్క.

గేట్ డిగ్రీ మూడో ఏడాదిలోనే రాయొచ్చు. ఎస్సీ, ఎస్టీలకు ఫీజు తక్కువ. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.